సరిహద్దు దాటిన ఉయ్యాల

ధూమ్రగిరి రాజ్యాన్ని తన పొట్టంత విశాలంగా ఏలిన వికటకేసరి మహారాజు పనసపళ్లు తినే పందెంలో గెలిచి, గెలిచానన్న ఆనందంలోనే కన్నుమూశాడు. ఓడిపోయినవాడు ఇప్పటికీ ఆరోగ్యంగా ఉన్నాడు.

రాజుగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఉగ్రకేసరి. అతను గొంతు సవరించుకుంటే కోటగోడ మీది పావురాలు పిల్లాజెల్లాతో పక్క రాజ్యానికి వలసపోతాయి. చిన్నవాడు మృదుకేసరి. ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడు. ఆ నవ్వు చూసిన రోజున వంటవాడు ముందుజాగ్రత్తగా పెళ్లాన్ని పుట్టింటికి పంపేస్తాడు.

ఆ దేశంలో తండ్రి పోతే ఆస్తి పంచుకోవడానికి ఒకటే ఆచారం. పెద్దవాడు రెండు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు అందులో ఒకటి ముందుగా కోరుకోవాలి. గుడిసైనా అంతే, గుర్రపుశాలైనా అంతే. తనకేది దక్కుతుందో తెలియదు గనక వాటాలు వేసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని సమంగా వేస్తాడని పెద్దల నమ్మకం. ఆ పెద్దలెవరూ ఉగ్రకేసరిని చూసి ఉండరు.

రాజ్యం మధ్యగా సున్నంతో గీత గీశారు. ఉత్తరాన కొండల్లో బయల్దేరిన గీత అడవులు దాటి, చెరుకుతోటలు దాటి, అంగడివీధిలో మిఠాయికొట్టు పొయ్యిని ఒక దేశంలోనూ బాణలిని ఇంకో దేశంలోనూ వదిలి, తిన్నగా రాజభవనం నడిమి హాల్లోకి వచ్చింది. అక్కడ, సరిగ్గా ఆ గీత మీద, వేలాడుతోంది ఉయ్యాల.

ఆ ఉయ్యాలను చూడ్డానికి దేవతలు దిగివచ్చి, ఎక్కబుద్ధయి, సిగ్గుపడి వెళ్లిపోయారని చెప్పుకునేవారు. చందనపు బల్ల. బల్ల చుట్టూ దంతంతో చెక్కిన నెమళ్లు. వెండి గొలుసుల్లో కొలికి కొలికికీ ఒక మువ్వ. ఊగితే గాలికి గంధం, చెవికి సంగీతం. వికటకేసరి సింహాసనాన్ని బట్టలు ఆరేసుకోవడానికి వదిలేసి, రాజ్యమంతా ఈ ఉయ్యాల మీంచే ఏలాడు. ఆయన ముందుకు ఊగినప్పుడు అడిగినవాడికి వరం, వెనక్కి ఊగినప్పుడు అడిగినవాడికి కొరడా. జనం ఊపు చూసుకుని మరీ దణ్ణం పెట్టేవారు. ఆ దేశంలో ఉయ్యాల ఎక్కినవాడే రాజు. కిరీటం ఎండకి పెట్టుకునే వస్తువు.

ఉయ్యాల పెద్దవాడి వాటాకి వచ్చింది. గీతకి ఇవతలి సగం హాలు చిన్నవాడిది. పంపకాలైన మధ్యాహ్నం ఉగ్రకేసరి కడుపునిండా తిని, తాంబూలం బిగించి, ఉయ్యాలెక్కి ఊగడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నీ కాళ్లు మా దేశంలోకి వస్తున్నాయి" అన్నాడు మృదుకేసరి నవ్వుతూ.

"ఉయ్యాలన్నాక ఊగదట్రా?"

"ఊగనీ. మీ దేశంలో ఊగు."

"ఒకవైపుకే ఊగే ఉయ్యాల మీ అత్తారింట్లో ఉందేమో కనుక్కో!"

అని మరింత గట్టిగా ఊగాడు. ఒక్కో ఊపుకీ ఒక దండయాత్ర. వెనక్కి వెళ్లినప్పుడల్లా సైన్యాన్ని ఉపసంహరించినట్టు. ఇలా అన్నగారు తాంబూలం నమిలేలోగా తమ్ముడి దేశం మీద లెక్కలేనన్నిసార్లు దాడి చేశాడు. మృదుకేసరి చెయ్యి ఊపాడు. సరిహద్దు భటులు ముందుకొచ్చి, తరవాతి ఊపుకి వచ్చిన కుడికాలు ఒడిసిపట్టుకున్నారు. ఉయ్యాల వెనక్కి పోయింది. కాలు పోలేదు. కాసేపు ఉగ్రకేసరి రెండు దేశాల మధ్య ఆరేసిన పంచెలా సాగి, దబ్బున నేలమీద పడ్డాడు. ముత్యాలు కుట్టిన కుడికాలి చెప్పు భటుల చేతుల్లో ఉండిపోయింది. ఖాళీగా మళ్లీ ఇవతలికి ఊగిన ఉయ్యాలని కూడా వాళ్లు పట్టేసుకున్నారు.

"శత్రురాజు చెప్పు బందీ అయింది!" అని భటుడు ప్రకటించాడు.

ఉగ్రకేసరి లేచాడు. పైకప్పున పావురాలు మూటలు సర్దుకున్నాయి.

"యుద్ధం! మళ్లీ ఆ ఉయ్యాల మీద కూర్చునేదాకా నేనింక దేనిమీదా కూర్చోను! ఇదే నా శపథం!"

రాణీమాత అంతా విని, తీర్థయాత్రకి పల్లకీ సిద్ధం చెయ్యమంది. "ఎవడో ఒకడు మిగలండిరా. ఇద్దరికీ ఏడవాలంటే నావల్ల కాదు, నాకసలే ఆయాసం" అని చెప్పి వెళ్లిపోయింది.

అప్పుడు మహామంత్రి దీర్ఘశర్మ చిన్నగా దగ్గాడు. "యుద్ధమన్నారు, సంతోషం. కానీ ప్రభువులు సైన్యాన్ని ఇంకా పంచుకోలేదు. ఉన్నది ఒక్కటే."

సైన్యాన్ని పంచడానికీ అదే ఆచారం. పెద్దవాడు వాటాలు వెయ్యాలి. ఉగ్రకేసరి తలకి తడిగుడ్డ చుట్టుకుని, స్తంభానికి ఆనుకుని ఆలోచించాడు. తమ్ముడు ఏ వాటా కోరుకున్నా వాడికి పనికిరాకూడదు. ఏది తీసుకున్నా వాడి చేతిలో అది చచ్చుబడి ఉండాలి. ఎలా? ఒక్కసారిగా అతని ముఖం దివిటీలా వెలిగింది. ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఉగ్రకేసరి ఆలోచనలు సాధారణంగా ముఖం వెలగగానే ఆగిపోతాయి.

సాయంత్రానికి భవనం ముందు మైదానంలో రెండు వాటాలు సిద్ధం. మొదటి దాంట్లో ఏనుగులు, రెండో దాంట్లో మావటివాళ్లు. మొదటి దాంట్లో గుర్రాలు, రెండో దాంట్లో రౌతులు. ఇటు విల్లులు, అటు బాణాలు. ఇటు భేరీలు, అటు వాటిని కొట్టే కర్రలు. ఇటు ఆజ్ఞలిచ్చే సేనాపతులంతా, అటు ఆజ్ఞలు వినే సిపాయిలంతా. ఆస్థాన మాంత్రికుడు కంకాళయ్య రెండో వాటాలో నిలబడి ఉంటే, అతని మంత్రదండం మొదటి వాటాలో చీపుళ్ల పక్కన పడి ఉంది.

"మిగిలిన వాటా తమకే వస్తుంది కదా ప్రభూ?" అన్నాడు మంత్రి నెమ్మదిగా.

"అవును. అయితే?"

"ఏం లేదు ప్రభూ."

మృదుకేసరి రెండు వాటాల చుట్టూ తిరిగి, నవ్వి, మనుషులున్న రెండోది కోరుకున్నాడు. "ఏనుగులకి మనం మేత వెయ్యాలి. మనుషులైతే ఆకలేస్తే తిట్టుకుంటూ వాళ్లే వండుకుంటారు" అన్నాడు. మంత్రిని మాత్రం ఎవరూ కోరుకోలేదు. ఆయన సున్నం గీత మీద గొడుగేసుకుని కూర్చున్నాడు.

ఈ పంపకంలో నిజంగా నష్టపోయినవాడు ఒక్కడే. మావటి గున్నయ్య.

గున్నయ్య గజశాలలోనే పుట్టాడు. అతని తొట్టిని ఊపింది ఒక తొండం. ఆ తొండం చిట్టెమ్మది. చిట్టెమ్మ ధూమ్రగిరిలోకెల్లా పెద్ద ఏనుగు. నడుస్తుంటే కొండ ఇల్లు మారుతున్నట్టుండేది. ఆమె నిద్రపోయి ఊపిరి వదిలితే పక్కవీధిలో దీపాలు ఆరేవి. దంతాల మీద బంగారు తొడుగులు, నుదుట సిందూరంతో పద్మాలు, మెడలో గుడిగంటంత గంట. ఇంత ఉండీ ఆమెకి ఒక్కటే భయం, ఎత్తు. వాగు మీద వంతెన దాటాలన్నా కాళ్లు వణికేవి. గున్నయ్య మెడ మీద వంగి రెండు చేతులతో కళ్లు మూసి "కిందికి చూడకు తల్లీ, కిందికి చూడకు" అంటూ ఉంటేనే అడుగేసేది.

"అయ్యగారూ, నన్ను కూడా ఏనుగుల్లో వేసెయ్యండి. మేత తక్కువే తింటాను" అని గున్నయ్య మంత్రి కాళ్లు పట్టుకున్నాడు.

"తొండం లేదు కదురా" అన్నాడు మంత్రి. ఆయన బాధ ఆయనది.

ఉగ్రకేసరి తమ్ముడి చేతికి చిక్కకుండా తన వాటా అంతా వెంటబెట్టుకుని, ఏనుగుల్ని నీళ్లు తాగించడానికి దగ్గరుండి తూర్పు సింహద్వారం దాటి ఏటి ఒడ్డుకి తోలించాడు. మావటివాళ్లు లేరు గనక సేనాపతులు వెనకనుంచి తోశారు. ఆఖరి ఏనుగు తోక గడప దాటగానే మృదుకేసరి తలుపులు మూయించేశాడు. అలా కోట తమ్ముడికీ, ఏటి ఇసుక అన్నకీ మిగిలాయి. అంతర్యుద్ధం మొదలైంది.

మొదటి వ్యూహం మృదుకేసరిది. బాణాలున్నాయి, విల్లులు లేవు. "చేత్తో విసరండి" అన్నాడు. సిపాయిలు బురుజుల మీంచి పొద్దున్నుంచి భోజనాల దాకా బాణాలు విసిరారు. గాలి అటువైపు వీస్తోంది. బాణాలు మెత్తగా వెళ్లి ఇసుకలో వాలాయి. సేనాపతులు పువ్వులేరుకున్నట్టు అన్నీ ఏరుకున్నారు. సాయంత్రానికి అన్నగారి దగ్గర విల్లులూ ఉన్నాయి, బాణాలూ ఉన్నాయి. మృదుకేసరి ఆ రోజు నవ్విన నవ్వుకి ఈసారి వంటవాడే పుట్టింటికి వెళ్లిపోయాడు.

దానికి జవాబుగా ఉగ్రకేసరి రౌతుల్లేని గుర్రాలన్నిటినీ ఒక్కసారిగా కోట మీదికి వదిలాడు. గుర్రాలు భూమి అదిరేలా దౌడు తీశాయి. దుమ్ము ఆకాశాన్నంటింది. అవి కోటని చుట్టి, వెనకవైపు దిడ్డి తలుపు గుండా తిన్నగా తమ పాత శాలలోకి వెళ్లి, ఉలవల తొట్టిలో మూతులు పెట్టాయి. రౌతులు వాటి మెడలు పట్టుకుని ముద్దులు పెట్టారు. తమ్ముడికి అశ్వదళం వచ్చేసింది. ఆ దెబ్బతో ఏనుగులకి గొలుసులు పడ్డాయి.

అన్నగారి శిబిరంలో అందరూ సేనాపతులే. ఒకడు "ముందుకు!" అంటే ఇంకొకడు "నాకు చెప్పడానికి నువ్వెవడివి?" అనేవాడు. రాజు నిలబడి ఉండగా వాళ్లు కూర్చోకూడదు. కాబట్టి శిబిరమంతా నిలబడే ఉంది. ఉగ్రకేసరి నిలబడే తిన్నాడు, నిలబడే గురకపెట్టాడు. ఒరిగిపోకుండా చీపుళ్ల పక్కన దొరికిన ఒక నల్లకర్రని చంకకింద పెట్టుకున్నాడు. అది కంకాళయ్య మంత్రదండమని అతనికి తెలియదు. చంకకి సరిగ్గా సరిపోయింది, అంతే తెలుసు.

కాళ్లు గుమ్మడికాయల్లా వాచేసరికి అతను ఆఖరి నిర్ణయం తీసుకున్నాడు. చిట్టెమ్మతో సింహద్వారం పగలగొట్టించాలి.

ఆ ద్వారం ఏనుగుల కోసమే కట్టినది. టేకు తలుపుల మీద మూరెడేసి ఇనప మేకులు ముళ్లపంది ఒళ్లులా పొడుచుకొచ్చి ఉంటాయి. పైన బురుజులో గంగాళాల్లో ఆముదం మరుగుతూ ఉంటుంది. దాన్ని ఢీకొట్టిన ఏనుగు రెండోసారి దేన్నీ ఢీకొట్టదు.

బురుజు మీంచి చూస్తున్న గున్నయ్యకి కల్లుకుండలు చిట్టెమ్మ నోట్లో వంపడం కనిపించింది. తట్టుకోలేక "చిట్టెమ్మా!" అని కేక పెట్టాడు. అంతే. చిట్టెమ్మ చెవులు విప్పి, గొలుసుతో సహా కట్టుగుంజని పెకలించుకుని, ఆ గొంతు వచ్చిన వైపుకి, అంటే సింహద్వారం మీదికి, కదిలింది. సేనాపతులంతా తోకకి వేలాడితేగాని ఆగలేదు. గున్నయ్య నాలుక కరుచుకుని గోడచాటుకి దాక్కున్నాడు.

ఆ కేక అన్నదమ్ములిద్దరూ విన్నారు. తండ్రి పోయాక మొదటిసారి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"ఆ మావటి మళ్లీ అరవకుండా ఉండలేడు, అరిస్తే ఇది పరిగెడుతుంది. రేపు మధ్యాహ్నం గొలుసు విప్పి ఉంచండి" అన్నాడు ఉగ్రకేసరి అక్కడ.

"రేపు మధ్యాహ్నం నువ్వు ఈ బురుజు మీద నిలబడి దాన్ని పిలవాలి నాయనా" అన్నాడు మృదుకేసరి ఇక్కడ, గున్నయ్య భుజం మీద చెయ్యేసి. "వస్తుంది, మేకులకి గుచ్చుకుంటుంది. అన్నయ్యకున్న పెద్ద బలం పోతుంది."

"పిలవకపోతే ప్రభూ?"

"పిలవని నాలుక నీకెందుకు చెప్పు?" అని నవ్వాడు.

గున్నయ్య ఒక్క పరుగున మాంత్రికుడి మేడమీదికి వెళ్లాడు. మెట్ల మీంచి పాలు వాగులా పారుతున్నాయి. పైన పొయ్యిలో నిప్పులేదు, గిన్నెలో పాలు మాత్రం పొంగుతూనే ఉన్నాయి. మోకాళ్లలోతు పాలల్లో కంకాళయ్య కుర్చీ వేసుకుని ఉన్నాడు. మనిషి ఎండుచేపలా ఉన్నా గడ్డం మాత్రం గంభీరంగా ఉంది.

"ఏం చూస్తావ్? పంపకాల రోజు పాలు కాచుకుందామని మంత్రం వేశాను. దండం లేకుండా మొదలుపెట్టడం వరకే కుదురుతుంది. ఆపడం కుదరదు. ఏం కావాలి?"

గున్నయ్య చెప్పాడు.

"పెద్దాయన శిబిరంలో ఉన్న నా నల్లదండం తెచ్చి నా చేతికివ్వు. నీ ఏనుగు ఆ తలుపుకి తగలదు. కంకాళయ్య మాట తప్పడు. అన్నట్టు" అంటూ కిటికీలోంచి భవనం వైపు చూశాడు. "ఆ ఉయ్యాల ఇప్పుడు ఖాళీగానే ఉందిగా?"

"ఖాళీయే సామీ. ఎందుకూ?"

"ఏం లేదు, అడిగాను. ఆ శిబిరానికెళ్లడానికి వేషం కావాలి నీకు. అక్కడున్నది సేనాపతులు, సేనాపతి అంటే మీసం" అని గున్నయ్య పైపెదవి మీద ఊదాడు. పుటుక్కున మీసం మొలిచింది. గున్నయ్య మురిసిపోయి తడుముకున్నాడు. తడుముతుండగానే అది ఇంకో వేలెడు పెరిగింది.

"సామీ, ఇది..."

"చెప్పానుగా. ఆపడం కుదరదు. త్వరగా వెళ్లు!"

తెల్లవారగానే గున్నయ్య, ద్వారాల దగ్గర తప్ప కోట చుట్టూ ఉన్న కందకంలోకి దూకాడు. కందకంలో మొసళ్లని కూడా పంచారు గాని, మొసళ్లు ఆ పంపకాన్ని ఒప్పుకోలేదు. ఒకటి వెనకనుంచి వచ్చి నోరు తెరిచింది. అందింది మీసం కొస. పట్టుకుని లాగింది. మీసం పెరుగుతోంది. ఇంకా లాగింది. ఇంకా పెరిగింది. లాగిలాగి మొసలికి విసుగొచ్చింది, నోరు జారింది, పన్నొకటి మీసంలో చిక్కుకుని ఊడొచ్చింది. గున్నయ్య అవతలి ఒడ్డెక్కేసరికి భుజాల దాకా మీసం, దానికి వేలాడుతూ మొసలి పన్ను.

"ఎవర్రా అక్కడ?" అన్నాడొక సేనాపతి.

ఏనుగుల మధ్య పెరిగిన గొంతు గున్నయ్యది. "ఎవర్రా అంటే ఎవర్రా? నిలబడే తీరు అదేనట్రా? మడమ పక్కన మడమ ఏది? పొద్దున్నే మొసలితో కుస్తీ పట్టావా నువ్వు? నేను పట్టాను!"

సేనాపతి మొసలి పన్ను చూశాడు, మీసం పొడవు చూశాడు, వంగి నమస్కారం పెట్టాడు. ఆ శిబిరంలో ఎవడి మీసం పొడవైతే వాడు పెద్ద. జానెడుకి దళపతి, మూరెడుకి సేనాని. గున్నయ్య ఒక గుడారం దాటేలోగా ఒక పదవి పెరిగింది. అంబలి తాగేసరికి దండనాయకుడయ్యాడు. మీసం నడుము దాటేసరికి అందరూ కలిసి అతన్ని మహాసేనాధిపతిని చేసి, రాజుగారి ముందు నిలబెట్టారు.

ఉగ్రకేసరి చంకలో నల్లకర్రతో గోడకి చేరేసిన నిచ్చెనలా ఉన్నాడు. "ఇంత మీసం పెట్టుకుని ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావయ్యా? సరే, ఇవాళ ఏనుగెక్కి ద్వారం పగలగొట్టేది నువ్వే!"

గున్నయ్య చేతులు కట్టుకుని "ప్రభువుల దయ" అన్నాడు.

చిట్టెమ్మని తెచ్చారు. కల్లు మత్తులో కళ్లు సగం మూతపడి ఉన్నాయి. అయినా తొండం చాచి గున్నయ్యని మీసం నుంచి మడమల దాకా వాసన చూసింది. ఆగింది. నడుం చుట్టూ తొండం వేసి దగ్గరకి లాక్కుని, పసిపిల్లవాణ్ణి ఊపినట్టు ఊపడం మొదలుపెట్టింది.

"ఇది తమర్ని ఎరిగినట్టుందే?" అన్నాడొకడు అనుమానంగా.

"భయపడుతోంది. నా పేరు విని ఉంటుంది" అన్నాడు గున్నయ్య గాల్లో ఊగుతూ. చిట్టెమ్మ చెవిలో మాత్రం "ఊరుకో తల్లీ, ఊరుకో" అని గొణిగాడు. కన్నీళ్లు కారినా మీసంలో ఇంకిపోయి ఎవరికీ కనపడలేదు. కిందికి దిగి గట్టిగా "ప్రభూ, అంకుశం ఏది?" అన్నాడు.

"అంకుశాలన్నీ మావటివాళ్ల వాటాలో పోయాయి."

"అంకుశం లేని ఏనుగు దారి తప్పితే నాకేం తెలీదు. పోనీ, ఆ చంకలో కర్ర ఇప్పించండి."

"ఇదిస్తే నేను పడతాను!"

"అటొకడు ఇటొకడు పట్టుకుంటారు ప్రభూ. కర్ర ఇస్తే సాయంత్రానికి ఉయ్యాల మీదుంటారు."

ఆ మాట వాచిన కాళ్లకి చల్లగా తగిలింది. ఉగ్రకేసరి దండం ఇచ్చేశాడు. ఇద్దరు సేనాపతులు చెరో చంకలో దూరారు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఎదురుగా మేకుల ద్వారం తళతళలాడుతోంది. పైన ఆముదం బుడబుడమంటోంది. బురుజు మీద మృదుకేసరి "మావటి ఏడిరా?" అని నవ్వుతున్నాడు, వెతుకుతున్నవాళ్లు వణుకుతున్నారు. వెనక, వరసగా విల్లులు ఎక్కుపెట్టిన సేనాపతులు.

"వెనక్కి తిరిగావో, మీసం చూడం!" అని అరిచాడు ఉగ్రకేసరి.

గున్నయ్య ఆలోచన తేలికైనది. నెమ్మదిగా నడిపించి, దగ్గరకెళ్లి, దండాన్ని బురుజు మీదికి విసరాలి. కానీ కల్లు తన ఆలోచన తాను చేసింది. మెడ మీద తన పిల్లాడి బరువు తగలగానే చిట్టెమ్మకి హుషారొచ్చింది. ఒక్క ఘీంకారం చేసి పరుగందుకుంది.

"ఆగు! ఆగు తల్లీ!"

ఆ గొంతు విని ఇంకా వేగంగా పరిగెత్తింది. ఇసుక తుఫానులా లేచింది. వెనకనుంచి సేనాపతులు బురుజు మీదికి వదిలిన బాణాలు చెవుల పక్కన సన్నాయి ఊదుతూ పోయాయి. మేకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేంత దగ్గరకొచ్చాయి. పైన గంగాళం ఒరిగింది. బురుజు అంచున ఎండుచేపలాంటి మనిషి రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

"విసురు!" అన్నాడు కంకాళయ్య.

గున్నయ్య ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. దండం గిరగిర తిరుగుతూ వెళ్లింది. దానికి చుట్టుకుని మీసం కూడా వెళ్లింది. కంకాళయ్య దండాన్ని పట్టుకుని, నోట్లో ఏదో గొణిగి, గాల్లో ఒక సున్నా చుట్టాడు.

చిట్టెమ్మ కాళ్లు నేలని వదిలాయి.

ద్వారం మేకులు ఆమె పొట్టకి వెంట్రుకవాసిలో కిందుగా జారిపోయాయి. ఆముదం ఖాళీ నేల మీద పడి చుంయ్‌మంది. కొండంత ఏనుగు బురుజు మీదుగా, నోళ్లు తెరిచిన సిపాయిల తలల మీదుగా మబ్బులా తేలిపోయింది. చిట్టెమ్మ మత్తులో హాయిగా కళ్లు మూసుకుని ఉంది.

"సామీ! నువ్వు దేవుడివి!" అన్నాడు గున్నయ్య.

ఫెళఫెళమని చప్పుడైంది. రాజభవనం పైకప్పు పెళ్లగించుకుని, వెండి గొలుసులు మోగించుకుంటూ, దంతపు నెమళ్లు మెరిపించుకుంటూ, ఉయ్యాల ఆకాశంలోకి వచ్చింది. బురుజు పక్కన వచ్చి ఆగింది. కంకాళయ్య గడ్డం సర్దుకుని, దాని మీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. కోటలో సగంమంది అలవాటు కొద్దీ దణ్ణం పెట్టేశారు.

"ఇన్నేళ్లూ దీని పక్కన నిలబడి విసనకర్ర వీచాను" అన్నాడు కొత్త రాజు. "ఇంక మీరు వీచండి."

కింద ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు గోడకిటు, ఒకడు గోడకటు.

"ఒరేయ్ తమ్ముడూ! మన ఉయ్యాలరా!"

"నీదన్నావు కదన్నయ్యా?"

"ఇప్పుడు మనదే! విల్లులు నా దగ్గరున్నాయి, గుర్రాలు నీ దగ్గరున్నాయి! తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకుంది. ఉయ్యాల మాత్రం అప్పటికే ఉత్తరపు కొండల వైపు ఒక్క ఊపులో సరిహద్దులన్నీ దాటుతోంది. కంకాళయ్య చేతిలో దండం, దండానికి చుట్టుకున్న మీసం, మీసం చివర గున్నయ్య, గున్నయ్య మోకాళ్ల మధ్య బిగిసిన మెడతో చిట్టెమ్మ. అన్నీ ఆ వరసలోనే బయల్దేరాయి.

"సామీ! మమ్మల్ని దింపండి!"

"తలుపుకి తగలదన్నాను. తగిలిందా?"

"లేదు గాని..."

"దిగడం గురించి మనం మాట్లాడుకోలేదు" అన్నాడు కంకాళయ్య, మర్యాదగానే.

చల్లగాలి మొహాన కొట్టింది. కోట అరచేయంత అయింది. ఏరు నూలుపోగులా అయింది. కల్లు మత్తు దిగుతున్నట్టుంది, చిట్టెమ్మ ఒక చెవి ఆడించింది, రెండోది ఆడించింది. గున్నయ్య పైపెదవి తెగిపోతున్నా ఓర్చుకుని ముందుకి వంగి, ఆమె కళ్లు మూద్దామని చేతులు చాచాడు. మీసం వెనక్కి లాగింది. జానెడు దూరంలో చేతులు ఆగిపోయాయి.

"చిట్టెమ్మా! బంగారుతల్లీ! ఏం లేదు, వంతెన దాటుతున్నాం, అంతే! కిందికి చూడకు!"

చిట్టెమ్మ కళ్లు తెరిచి కిందికి చూసింది.